గెలాక్సీకి వయసు పెంచిన మచ్చ

నేను ఒక గాజు పలకను. నాకు ఒకవైపు వెలుగు సోకితే నల్లబడే మందు పూశారు. ఫ్యాక్టరీలో ఆ పూత ఆరేటప్పుడు ఒకచోట చిన్న మచ్చ పడింది. ఎవరూ గమనించలేదు. పెట్టెలో సర్ది కొండ మీది అబ్జర్వేటరీకి పంపేశారు.

అక్కడ టెలిస్కోపు నడిపే జోసెఫ్ నన్ను దానికి బిగించి ఆకాశం ఫొటో తీశాడు. మధ్యలో గట్టిగా తుమ్మాడు. టెలిస్కోపు అదిరింది.

తర్వాత హైదరాబాదులో పరిశోధకురాలు హైమవతి చేతికొచ్చాను. ఆమె వెతికేది తెల్ల మరుగుజ్జుల్ని. అంటే మంట ఆరిపోయి, మిగిలిన వేడితో మినుకుమనే నక్షత్రాలు. పొయ్యిలో నిప్పు ఎంత చల్లారిందో చూసి వంట ఎప్పుడైందో చెప్పమా? అలాగే వీటిలో బాగా చల్లారి మసకబారినదాన్ని పట్టుకుంటే మన గెలాక్సీ వయసు అంచనా కట్టొచ్చు.

అన్నిటికన్నా మసకదని ఆమె పట్టుకున్నది నా మచ్చని! దాంతో గెలాక్సీకి మూడు వందల కోట్ల ఏళ్లు ఎక్కువ పడ్డాయి.

"పర్మనెంటు పోస్టు నీదే హైమా. మధ్యాహ్నం కమిటీలో ఈ ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నారు ఆమె గైడు ప్రభాకరం.

ఆ పూటే జోసెఫ్ కొండ దిగి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. "మేడం, ఈ ప్లేటు మీద నా తుమ్ము కూడా ఉందండోయ్!"

హైమవతీ నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. నన్ను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆ అదురుకి నక్షత్రాలన్నీ బియ్యపు గింజల్లా ఒకే పక్కకి సాగి ఉన్నాయి. ఆమె చుక్క మాత్రం ఆవగింజలా గుండ్రంగా ఉంది.

"అన్నీ తుమ్మాయి జోసెఫ్ గారూ. ఇదొక్కటే తుమ్మలేదు."

ప్రభాకరం గొంతు తగ్గించారు. "కమిటీ వాళ్లు మైక్రోస్కోపు వెంటబెట్టుకుని వస్తారా ఏమిటి? ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. నన్ను చేత్తో పట్టుకునే కమిటీ గదిలోకి వెళ్లి, మచ్చ సంగతి చెప్పేసింది.

"అయితే కొత్తగా కనిపెట్టిందేమీ లేదన్నమాట" అన్నాడొక పెద్దమనిషి.

"లేదండీ. పాత వయసే సరైనది."

పోస్టు ఇంకొకరికి పోయింది. మూడు వందల కోట్ల ఏళ్లు పెరిగినా తగ్గినా గెలాక్సీకి చీమ కుట్టినట్టయినా లేదు. ఆమెకు మాత్రం కాంట్రాక్టు ఉద్యోగమే మిగిలింది.

నన్ను పారేస్తుందనుకున్నాను. బల్ల మీదే ఉంచుకుంది. కొత్తగా చేరినవాళ్ల ముందు మొదట నన్నే పెడుతుంది.

"ఇందులో నక్షత్రం కానిదేదో పట్టుకోండి. నక్షత్రాల సంగతి ఆ తర్వాత చూద్దాం."