నడుమున్న గుడ్డ

బల్ల మీద మా వదిన పేరు చీటీ పక్కన పెట్టిన గుడ్డ మా వదినది కాదు. గుమ్మంలోంచే తెలిసిపోయింది నాకు. నాలుగు మూలలూ కొలిచి కోసినట్టు, అంచులు గీత గీసినట్టు, ఎంతో చూడముచ్చటగా ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది.

చక్కటి గుడ్డను చూసి మండిపడే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ నా పేరు అగ్గిపుల్ల. ఊరికే పెట్టలేదు.

లైబ్రరీ మేడ మీది గదిలో నేను క్రోషా అల్లిక నేర్పుతాను. సూది ఎటువైపు నుంచి పట్టుకోవాలో కూడా తెలియనివాళ్ళే నా దగ్గరికొస్తారు. వాళ్ళతో మొదట అల్లించేది చిన్న నూలు గుడ్డ. ముఖం తుడుచుకోవడానికో, పిల్లల ఒళ్ళు రుద్దడానికో పనికొచ్చేది. తొందరగా అయిపోతుంది, ఎలా వచ్చినా దండగ కాదు. వంకర స్వెటర్ ఎవరూ తొడుక్కోరు గానీ, వంకర గుడ్డతో తుడుచుకున్నంత మాత్రాన ఎవరి ముఖమూ వంకరపోదు. ఈ మాట మొదటిరోజే అందరికీ చెబుతాను. ఏటా ఆ గుడ్డలన్నీ ఒక పూట బల్ల మీద పేర్లతో పరిచి, తర్వాత కాన్పుల ఆసుపత్రికి ఇచ్చేస్తాం.

నా గదిలో నియమం ఒకటే. ఒకరి గుడ్డ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. నేను కూడా వేయను. చూపించాల్సి వస్తే నా చేతిలో ఉన్న గుడ్డ మీద చూపిస్తాను.

కొత్తవాళ్ళు తప్పకుండా చేసే తప్పు ఒకటుంది. వరుస చివరి కుట్టు ముడుచుకుపోయి పక్క కుట్టు చాటున నక్కుతుంది. అది కనపడక, వరుస అయిపోయిందనుకుని గుడ్డ తిప్పేస్తారు. అలా వరుసకో కుట్టు పోతూ పోతూ గుడ్డ సన్నబడిపోతుంది. నేను పక్కనే ఉండి చూస్తాను, చెప్పను. వాళ్ళంతట వాళ్ళు ఆగి "ఇదేంటిలా తయారైంది?" అనేదాకా నోరు కుట్టేసుకుని కూర్చుంటాను. నా నోటికి అదెంత కష్టమో నాకే తెలుసు. కానీ తన కళ్ళతో తను పట్టుకున్న తప్పును ఎవరూ మర్చిపోరు.

మా వదినకు నిరుడు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, కాలు దారికొచ్చింది, కుడిచెయ్యి మాత్రం అలిగి కూర్చుంది. వేళ్ళకు పని చెప్పకపోతే బిగుసుకుపోతాయని డాక్టరు అన్నాడు. నా దగ్గరికి రమ్మన్నాను. సన్నటి సూది ఆ వేళ్ళలో నిలవక జారిపోతుంటే, మా అన్నయ్య పాత సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడుగు కోసి సూదికి బిగించి ఇచ్చాడు. అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు, చేతిలో పనితనం ఉంది. ఆ సూది చూసి అన్నయ్య మీద నాకు ప్రేమ పొంగిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వదిన చెయ్యి లేచేలోపు అన్నయ్య చెయ్యి లేచేది. జాకెట్టు గుండీలు తనే పెట్టేవాడు. పళ్ళెంలో ముక్కలు తనే చేసేవాడు. "ఎలా ఉన్నావు వదినా?" అని నేనడిగితే "బానే ఉంది" అని తనే చెప్పేవాడు. వారం వారం ఆమెను చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించి, గుమ్మం పక్కన స్టూలు మీద పేపరు విప్పుకుని కూర్చునేవాడు.

వదిన గుడ్డ కూడా అందరి గుడ్డల్లాగే సన్నబడింది. మిగతావాళ్ళకన్నా ఎక్కువే సన్నబడింది. ఒకరోజు దాన్ని ఒళ్ళో పరుచుకుని, "ఏమ్మాయ్, దీన్నెవరో ఇక్కడ పట్టుకుని పిండేసినట్టుంది" అంది. నేను మాట్లాడలేదు. ఆమె గోటితో అంచు పొడుచుకుంటూ పోయి, నక్కిన కుట్టును పట్టుకుంది. "దొంగముండ, ఇక్కడ దాక్కుంది!" అని ఆమె నవ్విన నవ్వు కిందున్న లైబ్రరీలోకి వినపడింది. ఆ సంబరంలో ఎడంచేతిలో ఉన్న కప్పు ఒలికి గుడ్డ మీద టీ మరక పడింది. ఆ తర్వాత తగ్గిన కుట్లన్నీ ఒక్కోటే పెంచుకుంటూ వచ్చింది. చివరికి రెండు కొసలా వెడల్పుగా, మధ్యలో నడుంతో తయారైంది గుడ్డ. ఆ నడుం దగ్గరే మా వదిన పని నేర్చుకుంది. అది అల్లికలో కళ్ళకు కట్టినట్టు కనిపించేది.

పూర్తయిన రోజు దాన్ని చెంపకు ఆనించుకుంది. "ఇది బల్ల మీద పెట్టిన రోజున మీ అన్నయ్యకి చెప్పేస్తా. ఇంక నా గుండీలు నేనే పెట్టుకుంటానని. ఇది చూపించి మరీ చెప్తా" అంది. నాతో తప్ప ఇంకెవరితోనూ అనొద్దంది. నేను అనలేదు. ఉతికి తెస్తానని గుడ్డను ఇంటికి పట్టుకెళ్ళింది. అందరి గుడ్డలూ అందిన రోజున ఆమెది కాగితంలో చుట్టి తెచ్చి గదిలోని గుడ్డల పెట్టెలో వేసింది అన్నయ్యే. నేను విప్పి చూడలేదు.

ఇప్పుడు ఆ నడుం లేదు.

వదిన బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచేతిని ఎడంచేతి కింద దాచుకుంది. వచ్చినవాళ్ళు గుడ్డ ఎత్తి చూసి, "చెయ్యి పూర్తిగా వచ్చేసిందన్నమాట!" అంటున్నారు. ఆమె తల ఊపుతోంది. నేను దగ్గరికెళ్ళి వంగాను.

"వదినా, ఇదేంటి?"

"బావుంది కదా" అంది మెల్లగా. నా ముఖంలోకి చూడలేదు. "నీకు నచ్చకపోతే నాతో ఒక మాట అనాల్సింది అమ్మాయ్. బల్ల మీద పెట్టడానికి కూడా పనికిరాదని చెప్తే ఊరుకునేదాన్నిగా. ఇంక నేను రానులే."

నేనే మార్చాననుకుంది! నెలల తరబడి నోరు నొక్కుకుని కూర్చున్న నేను, ఆమె గుడ్డను దొంగచాటుగా విప్పి అల్లాననుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను కాదు వదినా. ఎవరో తేలుస్తాను, నువ్వు కదలకు" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

నా చూపు తిన్నగా టేపు మేడమ్ మీదికి పోయింది. ఆవిడ ఈ లైబ్రరీకి సెక్రటరీ. మెడలో దండలాగ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. బల్ల మీద గుడ్డకూ గుడ్డకూ మధ్య ఎడం కూడా కొలిచి పెడుతుంది. వంకర గుడ్డలు పంపితే ఆసుపత్రివాళ్ళ ముందు పరువు పోతుందని నిరుడు నాతో గొడవ పడింది కూడా.

"ఏమండీ, మా వదిన గుడ్డ ఏం చేశారు?"

"ఏం చేశాను? మధ్యలో పెట్టాను. అన్నిట్లోకీ అదే తీరుగా ఉంది."

"తీరుగా ఉందా? దాన్ని విప్పి మళ్ళీ అల్లింది మీరు కాదూ? పసిపిల్లల వీపు తుడిచే గుడ్డకు టేపు పెట్టి కొలిచే మనిషి ఇంకెవరున్నారు ఇక్కడ?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకండి. నేను దాన్ని విప్పి ఉంటే నా చేతులు పడిపోను!" అని, మా వదిన వైపు చూసి చటుక్కున నాలిక కరుచుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వంకరవి వెనక పెడదామన్నానే గానీ, ఒకరి చేతి పనిని పాడు చేసేదాన్నా నేను? అంత మాట ఎలా అన్నారండీ?"

గదంతా మా వైపు తిరిగింది. నాకు వెనక్కి తగ్గడం రాదు. గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను, దీని సంగతి అక్కడే తేలుస్తానని.

ముందు కనపడింది టీ మరక. ఉతికినా పోలేదు. కానీ ఒకచోట గుండ్రంగా ఉండాల్సిన మరక, ఇప్పుడు ఇక్కడో చుక్క అక్కడో చుక్కగా గుడ్డంతా చెదిరి ఉంది. అంటే దారం వదినదే. ఎవరో పూర్తిగా విప్పి, అదే దారంతో మళ్ళీ అల్లారు.

తర్వాత దారం కొస వెతికాను. గొలుసు వేసి అల్లడం మొదలుపెట్టినప్పుడు కొంచెం దారం వదులుతాం. మొదటి వరుసను మన ఎదురుగా పట్టుకుంటే, కుడిచేత్తో అల్లినవాళ్ళ గుడ్డకు ఆ కొస ఎడమ మూలన ఉంటుంది. ఇక్కడ కుడి మూలన ఉంది. రెండుసార్లు తిప్పి చూశాను. అనుమానం లేదు. దీన్ని అల్లింది ఎడంచేతివాటం మనిషి.

టేపు మేడమ్ కుడిచేత్తో రాస్తుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఎడంచేతివాళ్ళెవరూ లేరు.

గుమ్మం వైపు చూశాను. అన్నయ్య పేపరు వెనకే ఉన్నాడు. నేను వచ్చినప్పటినుంచీ పేజీ తిప్పలేదు. చిన్నప్పటినుంచీ అన్నిటికీ ఎడంచెయ్యే వాడే మనిషి.

మెట్ల మీదికి లాక్కెళ్ళాను.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఇక్కడే కూర్చుని చూసేవాణ్ణిగా" అన్నాడు. "షాపులో తలుపు దగ్గరేసుకుని అల్లాను. నాలుగైదు మాట్లు పాడైపోయింది. చివరికి కుదిరింది. బానే వచ్చింది కదే?"

బానే వచ్చిందా అని నన్నే అడుగుతున్నాడు!

"సిగ్గు లేదా నీకు? ఆవిడ గుడ్డ నువ్వెలా విప్పుతావు?"

"నలుగురూ చూసే చోట పెడతారు. నవ్వితే నవ్వారులే అనుకోవచ్చు. అయ్యో పాపం అంటారే! ఆ మాట దాని చెవిన పడటం నాకిష్టం లేదు." గోడకు ఆనుకున్నాడు. "ఆ నడుం చూసినప్పుడల్లా మీ వదిన వంటింట్లో పడిపోయిన రోజు గుర్తొస్తోంది. నావల్ల కావట్లేదు."

జాలి వేసింది. అయినా కోపం దిగలేదు.

"నీకు చూడబుద్ధి కాకపోతే కళ్ళు మూసుకో. వదిన ఆ గుడ్డ చూపించి నీకొక మాట చెప్పాలనుకుంది, తెలుసా? ఇప్పుడేమో నేనే దాన్ని మార్చేశాననుకుని, ఇంక రానంటోంది. రాకపోతే ఆ వేళ్ళు ఏమవుతాయో డాక్టరు నీకు చెప్పలేదూ?"

అన్నయ్య ముఖం పాలిపోయింది.

"రానందా?"

"వెళ్ళి నువ్వే చెప్పు. ఈసారి ఆవిడ తరఫున కాదు, నీ తరఫున."

లోపలికి వెళ్ళాం. అన్నయ్య బల్ల ముందు నిలబడ్డాడు. గదిలో అందరూ వేరేవేపు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు.

"ఆ గుడ్డ... నేనే" అన్నాడు. "నీది విప్పేసి, నేను అల్లాను. చెల్లికి తెలియదు. ఎవరికీ తెలియదు."

వదిన తలెత్తి ఆయన్ని చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చెంపలు ఎర్రబడ్డాయి. మా వదినకు కోపం రావడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

"పనికిరాదన్నది మీరా?" అంది.

"అలా అనలేదే..."

"అనలేదు. చేశారు." ఒక్కో మాటా నెమ్మదిగా, గట్టిగా వచ్చింది. "ఆ గుడ్డలో ప్రతి కుట్టూ నాకు గుర్తుంది. ఏది జారిందో, ఏది మళ్ళీ పట్టానో. కిందపడినప్పుడు నన్ను లేపారు, ఆ మేలు మర్చిపోను. లేచాక కూడా ఎత్తుకుని తిరుగుతానంటే నేనెప్పుడు నడవాలి? నా గుండీ నన్ను పెట్టుకోనివ్వరు, నా జవాబు నన్ను చెప్పనివ్వరు. ఆఖరికి నా తప్పు కూడా నన్ను చెయ్యనివ్వరా?"

గుడ్డ తీసుకుంది. ముడి విప్పడానికి వేళ్ళు సహకరించలేదు. పళ్ళతో పట్టి విప్పింది. దారం కొస ఎడంచేత్తో పట్టుకుని లాగింది. అన్నయ్య అంత ముచ్చటగా అల్లిన వరుసలన్నీ గబగబా ఊడిపోతూ బల్ల మీద కుప్పపడ్డాయి. టేపు మేడమ్ "అయ్యయ్యో" అని ఆపుకోలేక అంది. గుడ్డ మొత్తం పోయేదాకా వదిన ఆగలేదు.

"ఆసుపత్రికి ఈ ఏడు నాది ఉండదు" అంది టేపు మేడమ్‌తో. "వచ్చే ఏడు నడుంతోనే ఇస్తాను. ముందు వరుసలో పెట్టాలి మీరు."

"పెడతానండీ" అంది ఆవిడ. మెడలో టేపు తీసి సంచిలో వేసుకుంది. నేను ఆవిడ దగ్గరికెళ్ళి, నోరు పారేసుకున్నాను, క్షమించమన్నాను. క్షమించలేదు. ఆవిడ తప్పు కూడా లేదు.

వదిన సంచిలోంచి రబ్బరు తొడుగు సూది తీసింది. దారం కుప్పను అన్నయ్య ముందుకు తోసింది.

"ఉండ చుట్టి పట్టుకోండి. నేను లాగినప్పుడు వదలండి. అంతే మీ పని. ఇంటికెళ్ళాక గుండీలు నావి, చెప్తున్నా."

అన్నయ్య స్టూలు తెచ్చుకుని, ఉండ చుట్టుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె గొలుసు వేసింది. సూది జారినప్పుడు ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆమె రబ్బరు పిడితో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. చెయ్యి వెనక్కి పోయింది.

మొదటి వరుస చివరిదాకా వచ్చింది. ఆఖరి కుట్టు ఎప్పటిలాగే పక్కదాని చాటున నక్కింది. వదిన చూడలేదు, గుడ్డ తిప్పేసింది. నేను చూశాను. అన్నయ్యా చూశాడు. ఆయన నోరు తెరిచి, నా ముఖం చూసి, మూసేశాడు. ఇద్దరం పళ్ళు బిగబట్టి కూర్చున్నాం. జనం బల్ల దగ్గర్నుంచి కదిలి వెళ్ళిపోతున్నారు.

రెండు కుట్లు వేశాక వదిన ఆగింది. గుడ్డను వెనక్కి తిప్పి, గోటితో అంచు పొడిచింది.

"చూశారుగా ఇద్దరూ?" అంది తలెత్తకుండా. "చెప్పకపోవడం బాగా నేర్చుకున్నారు."

వేసిన రెండు కుట్లూ ఊడదీసుకుని, సూదిని ఆ సందులోకి దూర్చి, దారం లాగింది.

అన్నయ్య కొంచెం వదిలాడు.