ఆరని ఆకుపచ్చ

గోడలకు చెవులుంటాయంటారు. ముప్పై ఏళ్లు వాటికి రంగులు వేసినవాణ్ణి, నన్నడిగితే నోరు మాత్రం లేదు. అందుకే ఆ పని నాకు నచ్చేది. మోకాలు మొరాయించి నిచ్చెన ఎక్కడం మానేశాక, బడిలో గుమాస్తాగా ఉన్న మా కోడలు ఒకరోజు అడిగింది. "మామయ్యా, చిన్నపిల్లలకు రంగులు కలపడం నేర్పుతారా? ఒక్కరోజు చూసి, నచ్చితే పెట్టుకుంటారట."

నాలుగు నెలలుగా కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటమే నా ఉద్యోగం. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే పిచ్చెక్కేలా ఉంది. సరేనన్నాను.

ఇరవైమంది పిల్లలు. అందరికీ నాలుగేళ్లు, అందరికీ నోరుంది.

"ముందు గిన్నెలో పసుపు రంగు పొయ్యండి. తర్వాత నీలం, బొట్టు బొట్టుగా. ఎక్కువైతే మళ్లీ తీయలేం," అన్నాను. గోడకు చెప్పినా ఒకటే, వీళ్లకు చెప్పినా ఒకటే. ఇరవై గిన్నెల్లో ఇరవై రకాల ఆకుపచ్చ తేలింది. ఒకటైతే దాదాపు నలుపు. అసలైన ఆకుపచ్చ అదేనని దాన్ని కలిపిన రెండు జడల పిల్ల వాదన. పక్కవాడు కాదన్నాడు. కుంచెలు పైకి లేచాయి.

మా పనిలో ఇలాంటి తగాదాకు ఒకటే మందు.

"తడి రంగును నమ్మకూడదు. కాగితం మీద పూసి ఆరనివ్వండి. ఎవరిది బాగుందో అప్పుడు చూద్దాం."

పూశారు. చేతులు కట్టుకుని కాగితాల వంకే చూస్తూ కూర్చున్నారు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే నా సంగతి తాడో పేడో తేల్చడానికి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు.

"ఏం చేస్తున్నారు వీళ్లు?"

"రంగు ఆరడం చూస్తున్నారండీ."

"మరి పాఠం?"

"ఇదేనండీ."

ఆవిడ ముఖం చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఈ వయసులో ఏడిస్తే బాగుండదని ఊరుకున్నాను గానీ, ఏడుపొచ్చింది.

రెండు జడల పిల్ల మూతి మీద వేలు పెట్టి ఆవిడను మాట్లాడొద్దంది. తర్వాత గుసగుసగా చెప్పింది. "ఇంకా ఆరలేదు టీచర్. రేపు తాత వచ్చి చూసి చెప్తాడు."

రేపని నేను అనలేదు. అయినా ఇరవై తలలూ ఊగాయి.

ఆవిడ పిల్లలను చూశారు. నన్ను చూశారు.

"రేపటిదాకా పడుతుందా ఆరడానికి?"

ఆ రంగు అరగంటలో ఆరిపోతుంది.

"ఎల్లుండిదాకా కూడా పట్టొచ్చండీ," అన్నాను.