గుప్పెడు మొహం

"నీ ఆస్పత్రి మాస్కులు అయిపోయాయి, ఇంకో రెండు పట్రా" అన్నాడు మా ఆయన, ఆయన చొక్కాకి ఊడిన గుండీ నేను కుడుతుంటే. పళ్ళతో దారం తెంపి సరేనన్నాను. పదిహేనేళ్ళుగా నా నోట్లోంచి ముందు ఊడిపడే మాట అదే.

ఆయనది సిమెంటు కొట్టు. దుమ్ము నిజమే, కాదనను. నాది ఛాతీ జబ్బుల వార్డులో నర్సు ఉద్యోగం. రోగులు దగ్గితే గాలిలో తేలే క్రిములు లోపలికి పోకుండా, మొహానికి బిగుతుగా అతుక్కునే తెల్లటి రెస్పిరేటర్లు వారానికి రెండు ఇస్తారు. అవి నా సంచీలో ఇల్లు చేరి, పొద్దున్నే ఆయన జేబులో పడతాయి. నేనేమో పల్చటి నీలం సర్జికల్ మాస్కు తగిలించుకుని వార్డుకి పోతాను. "మూతికి ఏదో ఒకటి అడ్డం ఉంటే చాలదూ? వాడు బయట తిరిగే మగాడు" అంది మా అత్తగారు ఒకసారి. నా ఊపిరితిత్తులు ఇంట్లోనే కూర్చుంటాయి కాబోలు! పోయిన నెల నాతో డ్యూటీ చేసే చిన్న నర్సుకి టీబీ అంటుకుంది. అప్పటినుంచి నాకు కాస్త దగ్గొచ్చినా గుండె జారిపోతోంది. అయినా నేనేం పెట్టుకెళ్తున్నానో ఇంట్లో ఎవరికీ పట్టదు. ఇవ్వనని చెప్పడానికి నాకూ నోరు పెగల్లేదు.

ఆ పిల్లకి జబ్బు చేశాక, ఇన్నాళ్ళకి మా అందరికీ మాస్కు పరీక్ష పెట్టారు. చేసేది ఒక పెద్ద నర్సు. వార్డంతా ఆవిణ్ణి చేదక్క అంటుంది. మాస్కు పెట్టి, తలమీద ఒక ముసుగు దించి, అందులోకి చేదు మందు చిమ్ముతుంది మరి. నాలుక్కి చేదు తగిలితే మాస్కులోకి గాలి దూరుతున్నట్టే.

నిన్న నా వంతు. నన్ను చూడగానే, "ఈ నీలంది పెట్టుకుని ఆ వార్డులో తిరుగుతున్నావుటే?" అని కసిరింది. "ఇది నీ తుంపర్లు ఎదుటివాళ్ళ మీద పడకుండా ఆపుతుంది. పక్కలనుంచి గాలి దర్జాగా లోపలికి వస్తుంది. నిన్ను కాపాడేది రెస్పిరేటరు. అదీ సందు లేకుండా పడితేనే."

నాకు నవ్వొచ్చింది. ఎదుటివాళ్ళ కోసం పెట్టుకునేదే నా వంతుకొచ్చిందన్నమాట.

ముందు మామూలు సైజు పెట్టింది. "ఒక్క నిమిషం ఏదన్నా మాట్లాడు" అంది. నిమిషంపాటు ఎవరూ అడ్డురాకుండా మాట్లాడమంటే ఏం తోచలేదు. ఇంటి సరుకుల చీటీ అప్పజెప్పాను. సబ్బుల దగ్గరకొచ్చేసరికి నోరంతా చేదు.

"అయ్యో, ఇన్నాళ్ళూ ఇస్తున్న ఈ సైజు నీకు ఎప్పుడూ పట్టనే లేదన్నమాట!"

వెళ్ళి చిన్న సైజు తెచ్చింది. నా గడ్డం పట్టుకుని, ముక్కు మీద తీగని వేళ్ళతో నొక్కి, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎక్కడన్నా గాలి తగులుతోందా అమ్మా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇలాగే నా గడ్డం పట్టుకునేవాడు. "గుప్పెడు మొహం నీది" అంటూ అరచేత్తో కొలిచి చూపించేవాడు. ఆ చేతి మీద నాకింత బెంగ ఉందని ఆ ముసుగులో కూర్చుంటేగానీ తెలియలేదు. రోజూ ఎదురుగా తిరిగే మనిషి మీద బెంగేమిటి, విడ్డూరం కాకపోతే! ఈసారి మాట్లాడమన్నప్పుడు చేదక్కకి అదే చెప్పాను, నిమిషమంతా. చేదు తగల్లేదు.

ఈ పొద్దున ఆయన అలవాటుగా నా సంచీలో చెయ్యి పెట్టి మాస్కు తీశాడు. మొహానికి అదిమాడు. ముక్కు పడితే గడ్డం పట్టదు, గడ్డం పడితే ముక్కు పట్టదు.

"ఇదేంటే, నాకు పట్టట్లేదు?"

"పట్టదు. నా మొహానికి చూసి ఇచ్చారు."

"పెద్దవి అడగలేకపోయావా?"

"మీ కొట్టుకి మీరే కొనుక్కోండి. ఇకమీదట ఇవి నావి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన మాస్కు వంకా, నా మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఎన్నేళ్ళకి! చెయ్యి చాస్తాడేమో, గడ్డం పట్టుకుంటాడేమో అని సిగ్గు లేకుండా ఎదురుచూశాను.

"నీ మొహం ఇంత చిన్నదా?" అన్నాడు.

ఆయన చేతిలోంచి మాస్కు తీసుకుని పెట్టుకున్నాను. ముక్కు మీద తీగ నేనే నొక్కుకున్నాను.