నానాజీ కోసం కాచిన దీపం

లెన్సు మీది ఉప్పుపొరని ముందు తడిగుడ్డతో తుడవాలి, తర్వాత పొడిగుడ్డతో. తడిగుడ్డ పట్టుకున్నంతసేపూ ఎల్లాజీ నానాజీని తిట్టాడు, పొడిగుడ్డ పట్టుకున్నంతసేపూ నానాజీ వంశాన్ని తిట్టాడు. లైట్‌హౌస్‌లో చేరినప్పటి నుంచి అతనికి తెల్లారడం ఇలాగే. ఎండ పడి లెన్సు దగ్గర నిప్పు పుట్టకుండా చుట్టూ తెరలు లాగి, బైనాక్యులర్స్ తీసుకుని బయటి వరండాలోకి వచ్చాడు. ఎండుచేపలా బిగుసుకుపోయిన మనిషి. మెట్లెక్కి ఎక్కి మోకాళ్లు వంకర తిరిగాయి. ఖాకీ చొక్కా చంకల దగ్గర ఉప్పు పట్టి తెల్లబడింది.

దూరంగా నీలం పడవలో ఒక్కడే కూర్చుని వల సర్దుకుంటున్నాడు నానాజీ. ముసలాడైనా వేట మానలేదు.

"ములుగు. ఇయ్యాలైనా ములుగు" అన్నాడు ఎల్లాజీ, ఆ పడవ మునగాలని పూజ చేసినంత శ్రద్ధగా.

అతని తమ్ముడు చంటిబాబు నానాజీ పడవలోనే వేటకి వెళ్లేవాడు. గాలివాన లేచిన ఓ రాత్రి వల రాళ్లలో చిక్కుకుంటే విడిపించడానికి నీళ్లలోకి దిగాడు. నానాజీ వల తాడు కోసేసి పడవ ఒడ్డుకి తోలుకొచ్చేశాడు. చంటిబాబు మళ్లీ దొరకలేదు. పడవలో మిగతావాళ్లున్నారు, కొయ్యక ఏం చేస్తాడన్నారు కులపెద్దలు. పగ తీరిపోవాలని ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం పెట్టించారు. నానాజీ ముద్ద కలిపాడు. ఎల్లాజీ చేతులు వెనక్కి కట్టుకుని లేచొచ్చేశాడు.

"దీపం సూసుకుని వచ్చేను" అని నానాజీ పెద్దల ముందు చెప్పిన మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. అందుకే సముద్రం మాని, వాళ్లనీ వీళ్లనీ బతిమాలుకుని ఆ దీపం దగ్గరే పనికి కుదిరాడు. ప్రమోషనిచ్చి వేరే లైట్‌హౌస్‌కి పంపిస్తామన్నా వెళ్లలేదు. ఉద్యోగమంటే ఎంత భక్తో అనుకున్నారు ఊళ్లోవాళ్లు. భక్తీ లేదు, పాడూ లేదు. నానాజీ ప్రాణం తన చేతికింది స్విచ్చుకి వేలాడుతోందని ఎల్లాజీ నమ్మకం. ఆ సుఖం వదులుకోలేకపోయాడు.

స్విచ్చు మాత్రం ఎప్పుడూ ఆపలేదు. నానాజీతో పాటు పెళ్లాంబిడ్డలున్నవాళ్లు ఎందరో సముద్రం మీద ఉంటారు. సముద్రం మీద వాడొక్కడే మిగిలే రోజు రావాలి. అందాకా పగవాడికి రోజూ దారి చూపించడమే కొలువు.

మధ్యాహ్నం రెయిలింగ్ తుప్పు గీకాడు. ఎండు నెత్తళ్ల చేపలు నంజుకుని చద్దన్నం తిన్నాడు. తోటి కీపర్ దేవీప్రసాద్ డీజిల్ కోసం అనకాపల్లి వెళ్లాడు. సాయంత్రానికి మంచులాంటి మసక కమ్మి, పడవలన్నీ త్వరత్వరగా ఒడ్డెక్కాయి. నీలం పడవ ఒక్కటే రాలేదు. అంతలో కరెంటు పోయింది. తీరమంతా నల్లబడింది.

జనరేటర్‌లో ఇంకా డీజిల్ ఉంది. ఎల్లాజీ దాని హేండిల్ మీద చెయ్యి వేశాడు. తీసేశాడు.

పైకెక్కి వరండాలో నిలబడ్డాడు. పెళ్లివారి కోసం ఎదురు చూసినట్టుంది అతనికి. పడవలు ఒడ్డుకొచ్చే మొగ దగ్గర రాళ్ల మధ్య పడవ పట్టేంత సందే ఉంది. చీకట్లో ఇంజన్ చప్పుడు వినిపించింది. "కొట్టుకో" అన్నాడు. చప్పుడు తడబడలేదు. పడవ తిన్నగా సందులోంచి వచ్చి ఇసుకలో ఆగింది.

ఎల్లాజీ చెప్పులైనా వేసుకోకుండా దిగి పరుగెత్తాడు. నానాజీ పడవ లాక్కుంటున్నాడు. మెడలో ప్లాస్టిక్ కవర్లో ఫోను వెలుగుతోంది.

"దీపం నేదు గదా, ఎలాగొచ్చేవు?" కంచం దగ్గర లేచిపోయాక వాడితో ఆడిన మొదటి మాట అదే.

నానాజీ తల తిప్పి లైట్‌హౌస్ కేసి చూశాడు. "ఆరిపోనాదేటి? నాను సూడనేదు బావా. మా మనవరాలు రాజశ్రీ ఫోన్లో దారి ఎట్టిచ్చింది. ఆ గీత ఎంట వచ్చెయ్యడమే. దీపం కేసి సూసి ఎన్నేళ్లయిపోనాదో."

వేలిముద్రగాడు, వాడికి ఫోనేం తెలుస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు ఎల్లాజీ.

నానాజీ గొంతు తగ్గించాడు. "ఇది ఆ రోజునుంటే ఎనక్కెల్లి సంటిబాబుని ఎతికేవోణ్ని."

"నీ ఏడుపు నాకెందుకు? నువ్వు రాళ్ల మీద పడి సత్తావనే దీపం ఎయ్యనేదు నాను."

నానాజీ ఒక్కటి కొట్టినా బాగుండేది. కలబడితే ఇంకా బాగుండేది. నానాజీ చెప్పుల్లేని అతని కాళ్ల కేసి, ఇసుక కేసి చూసి, "సర్లే బావా" అన్నాడంతే.

ఎల్లాజీ వెనక్కొచ్చి జనరేటర్ తిప్పాడు. దీపం వెలిగింది. ఎవడి కోసమో తెలీలేదు. పగ లోపల అలాగే ఉంది, దాన్ని పెట్టుకోవడానికి చోటే లేకుండా పోయింది. రెండు చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. దేవీప్రసాద్ డీజిల్ డబ్బాతో వస్తే తాళాలు అతని చేతికిచ్చాడు.

"అనకాపల్లిలో మా అప్పాయమ్మ అక్క కాడికి ఎల్లిపోతన్నాను బాబూ. మరి రాను."

"రేపు డ్యూటీ ఎవరు చేస్తారండీ?"

ఎల్లాజీ సంచి భుజాన వేసుకున్నాడు. గేటు దగ్గర కాలికేదో మెత్తగా తగిలితే వంగి చూశాడు, దాటుకుని వెళ్లి ఆఖరి బస్సెక్కాడు. బస్సు కదిలాక ఒక్కసారైనా సముద్రం కేసి తిరగలేదు.

గేటు దగ్గర ఇసుకలో, అరిటాకు మీద, నానాజీ పెట్టివెళ్లిన వంజరం చేప ఇంకా తడిగానే ఉంది.