ఎదురుగాలికి ఇరవై నిమిషాలు

ఇక్కడికి రావాల్సిన విమానానికి గాలి వేగం కాగితం మీద వేసుకుని పెద్దాయన లెక్క మళ్ళీ మొదటి నుంచి కూడాడు. రెండు విమానాశ్రయాల మధ్య పదకొండు వందల ఇరవై కిలోమీటర్లు. మామూలుగా గంటా నలభై నిమిషాలు. ఇవాళ ఎదురుగాలి, గంటా యాభై ఐదు. దానికి తగ్గ ఇంధనం, నిబంధన ప్రకారం ఉండాల్సిన నిల్వ. ఆ కింద, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వేస్తున్నట్టే, ఇంకో ఇరవై నిమిషాలకు సరిపడా ఇంధనం వేశాడు.

ఆఫీసులో దాని పేరు 'తాతగారి చెంబు'. గడప దాటితే చెంబెడు నీళ్ళు మోసుకుపోయే ముసలాడితో పోలిక. నవ్వినవాళ్ళలో ఒక్కడూ అది ఎందుకని అడగలేదు.

బల్ల మీదికి వంగీ వంగీ అతని కుడి భుజం కిందికి దిగిపోయింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు రేపు చెబుతానంటూ రిటైర్‌మెంట్ దాకా లాక్కొచ్చాడు. ఇవాళే ఆఖరి రోజు.

"ఈ ఒక్కరోజైనా చెంబు దించండి. ఊరికే బరువు," అన్నాడు ఆఫీసరు వెనక నిలబడి.

"రేపటి నుంచి దించుకోండి సార్. ఇవాళే కావాలంటే మీరు కొట్టేసి పక్కన సంతకం పెట్టండి."

సంతకం అనేసరికి ఆఫీసరుకు ఎవరికో ఫోన్ చేయాలని గుర్తొచ్చింది.

ఆ విమానంలో పెద్దాయన చెల్లెలు వస్తోంది, అన్నను తన ఇంటికి తీసుకుపోవడానికి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే చెంబు చెల్లెలి కోసమే అనేవాళ్ళు.

మూడింటికి కుండపోత మొదలైంది. రన్‌వే కనిపించక విమానం పైనే తిరుగుతోంది. అవసరమైతే దిగడానికి ఎంచుకున్న రెండో విమానాశ్రయం కూడా మూతపడిందని కబురొచ్చింది.

"ఎంతసేపు తిరగ్గలదు?" అడిగాడు ఆఫీసరు, బల్ల దగ్గరికి వచ్చి.

"నిల్వ ముట్టుకోకుండా ఇరవై నిమిషాలు."

ఇన్నేళ్ళూ అతనికి ప్రయాణికులంటే ఇన్ని కిలోల బరువు. ఇవాళ ఆ బరువుకు ఒక ముఖం ఉంది.

పదిహేడో నిమిషంలో వాన పలచబడింది. చక్రాలు నేలను తాకాయి. గుండె మీది రోలు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

"బతికిపోయాం," అన్నాడు ఆఫీసరు. ఎవరి వల్లో అనలేదు. పెద్దాయన అనమనీ అడగలేదు, క్షమించనూ లేదు.

కింద గేటు దగ్గర, బయటికి వస్తూనే చెల్లెలు అందుకుంది. "గంటా యాభై ఐదన్నావు. రెండుంబావు పట్టింది. ఇన్నేళ్ళూ నువ్వు వెలగబెట్టిన లెక్క ఇదేనా అన్నయ్యా?"

"లెక్క తప్పింది లేవే."

"ఆ పైలట్ తిప్పి తిప్పి పేగులు నోట్లోకి తెచ్చాడు. నవ్వుతావేంటి?"

ఆ తిట్లు ఇంకాసేపు తినాలనిపించింది అతనికి. ఆమె సంచీ అందుకుని తుంపరలోకి నడిచాడు. మళ్ళీ పైన ఆఫీసుకు వెళ్ళలేదు.

పై గదిలో, అతని కుర్చీలో, రంగు వెలిసిన దిండు ఉండిపోయింది. మధ్యలో పడిన గుంట ఇంకా లేవలేదు.