గుర్రుమనని కుక్క

టైలర్ మాస్టారి కుక్కను మెచ్చుకోనివాళ్ళు ఆ వీధిలో లేరు. దాని పేరు బాబిన్. బట్టలు కత్తిరించే బల్ల కింద పడుకుని ఉండేది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు దాన్ని దాటుకుంటూ తిరిగినా కిక్కురుమనేది కాదు. "పెంచితే ఇలా పెంచాలండీ!" అనేవారు అందరూ. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది చెప్పండి? నోరెత్తని ప్రాణి అంటే మనకు అంత ముద్దు మరి!

పిల్లగా వచ్చినప్పుడు అది అలా లేదు. దిక్కులేని కుక్కల్ని సాకేచోటి నుంచి మాస్టారి కూతురు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తింటుండగా మాస్టారు గిన్నె జరిపితే గుర్రుమంది.

"ఏయ్! తిండి పెట్టే చేతి మీదికే వస్తావా?" అంటూ ఆయన బల్ల మీది చెక్క స్కేలు తీసి మూతి మీద ఒక్కటిచ్చారు.

"భయమేసి అంటోంది నాన్నా, కొట్టకు!" అని కూతురు అడ్డుపడింది.

"నాకే నేర్పుతున్నావా? నోర్మూసుకుని కాజాలు కుట్టు."

చదువు అయ్యాక ఆ పిల్ల తండ్రి దగ్గరే కాజాలూ అంచులూ కుడుతోంది. తల వంచుకుని సూది అందుకుంది. ఆ తర్వాత ఒళ్ళు తోముతుంటే గుర్రుమన్నా స్కేలే, కొత్తవాళ్ళని చూసి గుర్రుమన్నా స్కేలే. చివరికి కుక్క గొంతు పూర్తిగా మూగబోయింది. "చూశావా, ఎలా దారికొచ్చిందో!" అని మాస్టారు భార్య ముందు మీసం మెలేశారు.

ఒకరోజు బ్యాంకు గుమాస్తా ప్యాంటు పొడవు సరిచూసుకోవడానికి వచ్చి, కుక్కను చూసి కాస్త వెనక్కి తగ్గాడు.

"భయమెందుకండీ! చెవి పట్టుకు మెలిపెట్టినా కుయ్యిమనదు. చూడండి" అని మాస్టారు వంగి దాని చెవి పట్టుకుని లాగారు.

నిజంగానే కుయ్యిమనలేదు. కరిచింది! కత్తెర పట్టే కుడిచెయ్యి, బొటనవేలి పక్కన, ఎముక తగిలేదాకా కరిచింది. బల్ల మీది తెల్లబట్ట మీద నెత్తురు బొటబొటా రాలింది. గుమాస్తా నోరు తెరుచుకుని గోడకు అతుక్కుపోయాడు. మాస్టారికైతే నొప్పికన్నా ముందు నమ్మలేనితనం వచ్చింది.

"ఒక్క కూత... ఒక్క కూతైనా కూయలేదే! నా చేత్తో పెంచిన కుక్క!"

ఆసుపత్రిలో కుట్లు వేసి, సూదిమందు పొడిచి పంపారు. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే ఆయన గొలుసు అందుకున్నారు. "ఈ పూటే దీన్ని ఊరవతల వదిలేసి వస్తా." కూతురు కుక్కను వాటేసుకుంది కానీ ఒక్క మాట అనలేదు. భార్యే అడ్డం నిలబడింది. "ముందు డాక్టరమ్మకు చూపిద్దాం. ఆ తర్వాత మీ ఇష్టం."

ముగ్గురూ కలిసి కుక్కను తీసుకెళ్ళారు. పశువుల డాక్టరమ్మ దాని మూతికి పట్టీ కట్టించి, చెవిలోకి టార్చి వేసి చూసి ఉలిక్కిపడింది. లోపలంతా చీము.

"ముట్టుకుంటేనే ప్రాణం పోయేంత నొప్పండీ ఇది. గుర్రుమనలేదా?"

"గుర్రుమనదండీ. నేనే మాన్పించా" అన్నారు మాస్టారు, ఇంకా కాస్త గొప్పగానే.

డాక్టరమ్మ టార్చి కింద పెట్టింది. "అదే కొంప ముంచింది. గుర్రుమనడం పొగరు కాదు. 'నొప్పిగా ఉంది, భయంగా ఉంది, కాస్త ఆగు' అని చెప్పుకోవడం. అలా అన్నప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుని కారణం వెతకాలి. మీరు దాని భయం తీర్చలేదు, నొప్పి తీర్చలేదు. చెప్పుకునే నోరొక్కటే నొక్కేశారు. ఇక దానికి పళ్ళు తప్ప ఏం మిగిలాయి?"

ఆ మాట వినగానే మాస్టారి భార్య భోరుమంది.

"ఇక నావల్ల కాదు. అమ్మాయికి కుడికన్ను సరిగా ఆనడం లేదండీ. సూదిలోకి దారం తడుముకుంటూ ఎక్కిస్తోంది. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది."

మాస్టారు గిరుక్కున కూతురి వైపు తిరిగారు. "నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను నాన్నా, ఒకసారి" అంది కూతురు, కుక్క వీపు నిమురుతూ. "పని ఎగ్గొట్టడానికి సాకులా అని స్కేలు తీశావు. మళ్ళీ చెప్పలేదు."

పెంచిన కుక్క కరిస్తేనే నివ్వెరపోయిన మనిషి, ఆ మాటకు ఉన్నచోటే కూలబడ్డారు. గొలుసు చేతిలోంచి జారిపోయింది.

చెవికి మందు పడింది. బాబిన్ ఇంటికే తిరిగి వచ్చింది. కంటి డాక్టరు మాత్రం పెదవి విరిచాడు. "పోయిన చూపు తేలేను. ఉన్నది నిలబెడతాను. ముందే చెప్పుంటే మొత్తం దక్కేదే!"

అమ్మలారా, అయ్యలారా! మా ఇంట్లో నాకు ఎదురుచెప్పేవాళ్ళే లేరని మురిసిపోతున్నారా? అయితే ఆలస్యం చెయ్యకండి. వాళ్ళ పక్కన కూర్చుని, ఎక్కడ నొప్పిగా ఉందో ఇవాళే అడగండి.