గీత దాకా నీళ్లు

మూడో చెంబుతో నీళ్లు గీతను అందుకున్నాయి. గుండీలక్క చెంబు కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, డ్రమ్ము మీది నల్ల గీతకు సరిగ్గా చూపు ఆనించి మరోసారి సరిచూసుకుంది. పైనుంచి చూస్తే నీటిమట్టం తప్పుగా కనబడుతుందని ఆడపడుచు ఏడేళ్లుగా చెబుతోంది. ఆ మాట ఎంతగా వంటబట్టిందంటే, ఇప్పుడు పాలగిన్నెనైనా వంగే చూస్తుంది.

నాలుగడుగుల వెడల్పు బాల్కనీ అది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకోవాలి. ఇనుపచట్రం మీద మెట్లు మెట్లుగా ఆరు తెల్ల గొట్టాలు, ప్రతి గొట్టానికీ జానెడు ఎడంలో రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో జల్లెడలాంటి చిన్న ప్లాస్టిక్ గిన్నె, అందులో గుప్పెడు గులకరాళ్లు, ఒక మొక్క. కింద నీలం డ్రమ్ము. డ్రమ్ములోని మోటారు మందు కలిపిన నీళ్లను పై గొట్టానికి ఎక్కిస్తుంది. అవి ఒక్కో గొట్టమే దిగుతూ, వేళ్లను తడుపుతూ మళ్లీ డ్రమ్ములోకి వస్తాయి. మందంటే మొక్కల తిండి. చిక్కటి టీ రంగులో, సీసాల్లో దొరుకుతుంది.

మొదట్లో పై అంతస్తు పెద్దావిడ బాల్కనీలోంచి తొంగిచూసి, "మట్టి లేకుండా మొక్కలేమిటర్రా, మొగుడు లేకుండా కాపురంలాగా" అని నవ్వింది.

"మా ఇంట్లో రెండూ లేవు పిన్నిగారూ. పాలకూర మాత్రం ఉంది. ఓ కట్ట పంపమంటారా?" అంది ఆడపడుచు. ఆ రోజు నుంచి ఆవిడ వారం వారం కట్ట పుచ్చుకుంటూనే ఉంది.

"ఎన్ని చెంబులు పట్టాయి?" గదిలోంచి ఆడపడుచు కేకేసింది. పెట్టె మీద కూర్చుని మూత నొక్కుతోంది.

"మూడు."

"నిన్న రెండున్నర. ఎండ ముదురుతోంది. ఇంకో పది రోజులు పోతే అయిదు తాగుతాయి." పెట్టె గొళ్లెం పడింది. ఆమె లేచి బాల్కనీ గుమ్మంలో నిలబడింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, బక్కపలచగా, ఎప్పుడూ చేతులు తుడుచుకుంటున్నట్టే ఉంటుంది. "వదినా, వింటున్నావా? ఎండాకాలం వీటికి కావలసింది నీళ్లు, మందు కాదు. నీరు తగ్గింది కదా అని మందు పోశావనుకో..."

"ఆకులు మాడతాయి. తెలుసు."

"తెలిస్తే మంచిదే. చెప్పడం నా ధర్మం."

గుండీలక్క తల తిప్పుకుని పుదీనా ఆకుల్లో లేని పురుగును వెతికింది.

ఎండల్లో మొక్క నీటిని తాగేసి మందులోని ఉప్పును వదిలేస్తుంది. మిగిలిన నీరు రోజురోజుకూ చిక్కనవుతుంది. దానిమీద ఇంకా మందు పోస్తే రెండు రోజుల్లో ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. చలికాలంలో ఈ బాధ లేదు, లెట్యూస్ వారానికి చెంబుడు తాగితే గొప్ప. వానల్లో వేళ్లు నల్లబడి కుళ్లు వాసన వేస్తే, ఇద్దరూ గొట్టాలు ఊడదీసి స్నానాలగదిలో కూర్చుని తోముతారు. మొదటి ఎండాకాలం ఆడపడుచు జ్వరంతో పడుకుంటే, మొక్కలు వాడిపోతున్నాయని, పాపం ఆకలేమోనని గుండీలక్కే మందు పోసింది. తెలియక చేసిన తప్పు. "దాహం వేస్తే అన్నం పెట్టావు వదినా" అని ఆడపడుచు దుప్పట్లోంచి నవ్వింది.

తెలిసి చేసిన తప్పు వేరే ఉంది.

"నీ బస్సు ఆరింటికి కదా. నాలుగుకల్లా వచ్చేస్తాను" అంది గుండీలక్క చెప్పులు వేసుకుంటూ.

"రాకపోతే?"

"ఎందుకు రాను?"

"నీ సంగతి నాకు తెలీదా. సూది చేతికొస్తే నీకు ఇల్లు గుర్తుండదు. ఇవాళొక్కరోజు సెలవు పెట్టమంటే వినవు."

"సెలవు పెట్టి ఏం చేస్తాను, నీ పెట్టె మీద కూర్చుంటానా?"

"కూర్చుంటే బాగుండేది. నా బరువు చాలక ముప్పావుగంట పట్టింది."

ఇద్దరూ నవ్వారు. మెట్లు దిగుతూ గుండీలక్క చెప్పాలనుకున్న నాలుగు మాటలను మనసులో మళ్లీ ఒకసారి అప్పజెప్పుకుంది. ఆ మొక్కల్ని నేనే మాడ్చాను. నాలుగుకి వెళ్లి, టీ పెట్టి, ఆమె గ్లాసు చేతిలోకి తీసుకున్నాక చెప్పాలి. ఆమె బస్సెక్కే ముందే చెప్పాలి. ఎక్కాక చెప్తే అది చెప్పినట్టు కాదు.

చొక్కాలు కుట్టే ఆ వర్క్‌షాపులో ఆమెది కిటికీ పక్క ముక్కాలిపీట. ఇరవై ఆరేళ్లుగా అదే పీట. పది మిషన్లు దడదడలాడుతుంటే, మిషను చేయలేని పని ఆమె చేస్తుంది. ఖరీదైన చొక్కాలకు గుండీలు చేత్తోనే కుట్టాలి. చొక్కాకు పది గుండీలు, గుండీకి నాలుగు కన్నాలు. దారం ఆరుసార్లు పైకీ కిందికీ పోవాలి. తర్వాత గుండీకీ గుడ్డకూ మధ్య ఆ దారానికే మూడు చుట్లు చుట్టి మెడ కట్టాలి. ఆమె అయిదు చుట్లు చుట్టి, బిగించి లాగుతుంది. కుడి చూపుడువేలి కొనమీద సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం మొద్దుబారి, వేడి గిన్నె కూడా తెలియదు.

"అక్కా, మెడ కాస్త వదులుంచు" అన్నాడు మాస్టరు, ఎప్పటిలాగే, చొక్కా వెలుతురుకు ఎత్తి చూస్తూ. "నువ్వు కుట్టిన గుండీ ఊడదు, చొక్కాయే చిరుగుతుంది."

"ఊడితే మళ్లీ నా దగ్గరికే తెస్తారు. ఆ తిప్పలెందుకు?"

"చిరిగితే నా దగ్గరికి తెస్తున్నారు కదమ్మా, ఆ తిప్పల సంగతేంటి?"

మిషన్ల దగ్గరి అమ్మాయిలు కిసుక్కుమన్నారు. ఆమె కూడా నవ్వి, దారం పంటితో తెంపింది.

ఆమె భర్త పోయి పద్దెనిమిదేళ్లు. అప్పుడు, రెండు వారాలు తోడుంటానని అతని చెల్లెలు ఒక సంచితో వచ్చింది. స్కూల్లో సైన్సు ల్యాబులో సహాయకురాలి ఉద్యోగం ఆమెది. రెండు వారాలు రెండు నెలలయ్యాయి, రెండేళ్లయ్యాయి. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, "ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదండీ" అనేది. ల్యాబు అలవాటు కొద్దీ ఇంట్లో ప్రతి సీసా మీదా పెన్నుతో గీత గీసి తేదీ వేసేది. నూనె సీసా, షాంపూ సీసా, ఆఖరికి దగ్గుమందు కూడా. "దగ్గుమందు రెండు గీతలు దిగింది వదినా, దగ్గు ఒక్క గీతైనా దిగలేదేం?" అనేది.

నాలుగేళ్ల కిందట, ఇలాంటి ఎండల్లోనే, వేరే ఊళ్లో గాజుకప్పు కింద కూరలు పెంచే ఒక పెద్ద తోటవాళ్లు ఆమెను పిలిచారు. ఇదే పద్ధతి, మట్టి లేని సాగే. నెల రోజులు పనిచేసి చూపిస్తే నారు విభాగం అప్పజెబుతామన్నారు. ఆడపడుచు వెళ్తూ వెళ్తూ మందు సీసా మీద గీత గీసింది.

మొదటిరోజు గుండీలక్క అలవాటుగా రెండు కంచాలు పెట్టింది. రెండోరోజూ పెట్టింది. మూడోరోజు గుర్తుంచుకుని ఒక్కటే పెట్టింది, కానీ దాని ముందు కూర్చోలేకపోయింది. అయిదోరోజు ఉదయం, కాఫీ అయినా తాగకుండా, బాల్కనీలోకి వెళ్లి గ్లాసుడు మందు తీసి డ్రమ్ములో పోసింది. మర్నాడు ఇంకో గ్లాసు. గీత గుర్తొచ్చి, సీసాలో తగ్గినమేరకు కుళాయి నీళ్లు పట్టి, వంగి, కంటిచూపు ఆనించి, సరిగ్గా గీత దాకా నింపింది. ఆకులన్నీ మాడాక ఫోన్ చేసింది. "అన్నీ పోతున్నాయమ్మా, నాకు చేతకావడం లేదు."

ఆడపడుచు తొమ్మిదోరోజు వచ్చేసింది. మాడిన ఆకులు ఒక్కొక్కటే గిల్లింది. సీసా ఎత్తి వెలుతురులో చూసింది. "ఈ ఏడు ఎండలు ఎక్కువే" అంది. మర్నాడు కొత్త సీసా కొనుక్కొచ్చింది. తోటవాళ్లు ఇంకెవరినో పెట్టుకున్నారు. ఆ విషయం మళ్లీ ఇంట్లో ఎత్తలేదెవరూ. కానీ ఈ నాలుగేళ్లలో పాలకూర తుంపినప్పుడల్లా గుండీలక్కకు అదే అనుమానం. తెలుసా, తెలియదా?

ఇప్పుడు ఆ తోటలో పెట్టుకున్న మనిషి మానేసి వెళ్లిపోయాడట. మళ్లీ కబురు పెట్టారు.

నాలుగయింది. గోడ గడియారం వైపు చూడకుండానే ఆమెకు తెలిసింది, కిటికీ ఊచల నీడ పీట దాటింది. ఒళ్లో చొక్కాకు మూడు గుండీలు మిగిలాయి. ఇది ముగించి లేద్దామనుకుంది. ముగించాక, మడతపెట్టి లేచేబదులు ఇంకో చొక్కా తీసుకుంది.

"అక్కా, ముందుగా వెళ్లాలన్నావు కదా?" మాస్టరు అడిగాడు.

"వెళ్తాను. ఇదొక్కటి."

నాలుగున్నరకు ఫోన్ మోగింది. తెరమీద ఆడపడుచు మొహం, పాలకూర కట్ట పట్టుకుని నవ్వుతూ. ఈ పది గుండీలూ అయ్యాక మాట్లాడవచ్చు. ఫోన్‌ను బోర్లించి, గుండీల డబ్బా కిందికి తోసింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అయిదింటికి మళ్లీ మోగింది. డబ్బాలో గుండీలు గలగలలాడాయి. మిషన్ల మోతలో అది ఇంకెవరికీ వినబడలేదు.

ఆమె లేచేసరికి ఆరుకు పది నిమిషాలు. పీట పక్కన ఎప్పటికంటే ఆరు చొక్కాలు ఎక్కువున్నాయి. మాస్టరు వాటి వంకా, ఆమె వంకా చూశాడు.

ఆరు దాటాక, వీధి మలుపులో ఫోన్ తీసి చూసింది. మెసేజ్ వచ్చి ఉంది. "బస్సు కదిలింది. రెండు వారాలు అయిపోయాయి వదినా."

ఇంటి తాళం తనే తీసుకుంది. వంటగట్టు మీద ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉంది. పక్కనే ఇంకో గ్లాసులో టీ, మీద పళ్లెం మూత. మూత తీస్తే మీగడ ముడతలు పడి ఉంది. ఆమె నిలబడే ఆ చల్లారిన టీ మొత్తం తాగింది.

బాల్కనీలో వెలుతురు ఇంకా మిగిలే ఉంది. నీళ్లు గీతకు నాలుగువేళ్లు దిగాయి. చెంబుతో పోసి, వంగి చూసి, ఇంకో అరచెంబు పోసింది. ఎల్లుండి మందు వేసే రోజని గుర్తొచ్చి, కొత్త సీసా ఎక్కడుందో చూద్దామని ఆడపడుచు వాడే అలమారాను తెరిచింది. బట్టలన్నీ పోయాయి. కింది అరలో రెండు సీసాలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

ఒకటి పాతది. లోపలి మందు వెలిసిపోయి, రెండోసారి మరిగించిన టీ పొడి నీళ్లలా ఉంది. గీత ఉంది, గీత పక్కన నాలుగేళ్ల కిందటి తేదీ ఉంది. కింద, ల్యాబు సీసాల మీద అంటించేలాంటి తెల్ల కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. "నీళ్లు కలిసిన మందు. వాడకూడదు." ఆ కాగితం మీది తేదీ ఆమె తొమ్మిదోరోజు తిరిగొచ్చిన నాటిది. ఎవరు కలిపారో రాయలేదు.

గుండీలక్క అలమారా అంచు పట్టుకుని నేలమీదికి దిగి కూర్చుంది. బాల్కనీలో నీళ్లు ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి దిగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. చాలాసేపటికి చేయి చాపి రెండో సీసా తీసుకుంది. కొత్తది, ఒకసారి వాడి బిగించిన మూత. వెలుతురు వైపు ఎత్తి, కంటికి సరిగ్గా ఆనించి, మెల్లగా చుట్టూ తిప్పింది. చిక్కటి టీ రంగు మందు మెడకు కాస్త దిగువగా ఉంది. ఇటు తిప్పినా అటు తిప్పినా, దానిమీద ఎక్కడా గీత లేదు.